ఇంటర్నెట్ కనిపెట్టింది ఎవరు? ఏ ఆప్షన్‌కి టిక్కు పెట్టాలి?

మొన్న ఆదివారం మా మేనకోడలు ఫోన్ చేసి "మామయ్యా, ఇది చూడు, అన్యాయంగా మైనస్ మార్కు వేశారు" అంటూ ఓ స్క్రీన్‌షాట్ పంపింది. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతోంది, కోచింగ్ వాళ్ళు వారానికో మాక్ టెస్ట్ పెడతారు. ఇంటర్నెట్‌ను కనుగొన్నది ఎవరు అని ప్రశ్న. ఆప్షన్లు పాల్ బారన్, లియొనార్డ్ క్లైన్‌రాక్, వింట్ సెర్ఫ్, టిమ్ బెర్నర్స్ లీ. తను సెర్ఫ్‌కి పెట్టింది, కీలో బెర్నర్స్ లీ అని ఉంది. అబ్జెక్షన్ పెట్టుకోడానికి రెండ్రోజులు టైమ్ ఇచ్చారట. "నువ్వు నెట్‌వర్కింగ్‌లోనే కదా పనిచేసేది, నువ్వే చెప్పు" అంది.

పనిచేయడం అంటే, ఇరవై ఏళ్ళుగా రౌటర్లతో కుస్తీ పడుతున్నమాట నిజమే. కీ తప్పు అని చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది. మరి కరెక్టు ఏది అంటే మాత్రం ఆ సాయంత్రం మొత్తం సరిపోలేదు, ఫోన్ చార్జింగ్ కూడా అయిపోయింది.

సులువుగా తేలేది ముందు తేల్చేద్దాం. బెర్నర్స్ లీ చేసింది వెబ్, అంటే బ్రౌజర్‌లో మనం తెరిచే పేజీలూ వాటిని కలిపే లింకులూ, ఇంటర్నెట్ కాదు. 1989 మార్చిలో జెనీవా దగ్గర సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో పనిచేస్తూ ఆయన ఓ ప్రతిపాదన రాసిస్తే, పై అధికారి మైక్ సెండాల్ దాని మీద "స్పష్టంగా లేదు, కానీ ఉత్సాహంగా ఉంది" అన్నట్టు ఓ ముక్క రాసి పెట్టుకున్నాడు. బయటి జనానికి వెబ్ గురించి తెలిసింది 1991 ఆగస్టులో. అప్పటికి ఇంటర్నెట్ నడుస్తూనే ఉంది, యూనివర్సిటీల వాళ్ళు ఫైళ్ళు పంపుకుంటూనే ఉన్నారు, ఈమెయిల్ అయితే రే టామ్లిన్సన్ అనే ఇంజినీరు 1971లోనే పంపేశాడు. రోడ్డు వేసినవాళ్ళు వేరు, ఆ రోడ్డు మీదకి ఊరందరూ ఎక్కే బస్సు తెచ్చినవాడు వేరు. ఇవాళ వాట్సాప్‌లో వీడియో కాల్ మాట్లాడుతుంటే ఆ మాటలూ బొమ్మలూ వెళ్ళేది ఇంటర్నెట్ మీదే, అందులో బెర్నర్స్ లీ వెబ్ పేజీ ఒక్కటి కూడా ఉండదు.

అలాగని ఆయన్ని తక్కువ చేయడానికి లేదు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ ఆ వెబ్ కోడ్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని రాసిచ్చేసింది. అదే ఏడాది వెబ్‌కి పోటీగా ఉన్న గోఫర్‌కి మినెసోటా యూనివర్సిటీ వాళ్ళు కొందరి దగ్గర ఫీజు తీసుకుంటామన్నారు, జనం మెల్లగా ఇటు జారుకున్నారు. కీ తయారుచేసినాయన మీద కూడా నాకు కోపం లేదు. మా ఊళ్ళో నెట్ సెంటర్‌లో గంటకి ముప్పై రూపాయలు కట్టి కూర్చున్న రోజుల్లో నాకూ ఇంటర్నెట్ అంటే స్క్రీన్ మీద ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ బ్రౌజర్ గుర్తు, ఆ నీలం రంగు 'ఈ' అక్షరమే.

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం. మిగిలిన ముగ్గురిలో ఎవరు? ఇంకో ముఖ్యమైన ప్రశ్న, ఆప్షన్లలో లేనివాళ్ళ సంగతేంటి?

ఇంటర్నెట్‌కి ప్రాణం పేకెట్లు. పాత ట్రంక్ కాల్ గుర్తుందా? లైన్ కలిస్తే ఆ చివర్నుంచి ఈ చివరిదాకా తీగ మొత్తం మీ ఇద్దరిదే, మీరు మాట్లాడకుండా ఊరుకున్నా అది మీదే, ఇంకొకళ్ళకి పనికిరాదు. కంప్యూటర్లు మాట్లాడుకునే తీరు అలా ఉండదు, గభాలున ఓ ముక్క చెప్పి చాలాసేపు ఊరుకుంటాయి. అందుకని సందేశాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్క మీద అడ్రసు రాసి వదిలేస్తారు. మగపెళ్ళివారంతా ఒకే బస్సు కోసం కూర్చోకుండా పది ఆటోలు ఎక్కి, ఏ ఆటోకి ఏ సందు ఖాళీగా ఉంటే ఆ సందున పడి వచ్చి, కళ్యాణమండపం గుమ్మం దగ్గర మళ్ళీ వరసగా నిలబడ్డట్టు. ఒక సందులో ట్రాఫిక్ జామ్ అయినంత మాత్రాన పెళ్ళి ఆగదు.

ఈ ఆలోచన ముందు వచ్చింది పాల్ బారన్‌కి. 1960ల మొదట్లో ఆయన కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో, రక్షణ పరిశోధనలు చేసే రాండ్ కార్పొరేషన్‌లో ఉండేవాడు. రష్యా వాళ్ళు అణుబాంబు వేసి నాలుగు టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు లేపేస్తే దేశంలో ఎవరికీ ఎవరితో సంబంధం ఉండదు కదా అన్నది ఆయన బెంగ. చేపల వలలా అల్లితే, ఒక ముడి తెగినా పక్క ముడి మీదుగా వెళ్ళొచ్చు అన్నాడు. వేడి బంగాళదుంప చేతిలో పడితే పక్కవాడికి విసిరేసినట్టు ప్రతి ముడీ వచ్చిన ముక్కని ముందుకు తోసేయాలన్నాడు, ఆ పద్ధతికి పేరు కూడా వేడి బంగాళదుంప అనే పెట్టాడు. 1964లో ఇదంతా పదకొండు సంపుటాలుగా రాశాడు. అమెరికా టెలిఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ వాళ్ళు మాత్రం ఇది జరిగే పని కాదన్నారు. వైమానిక దళానికి నచ్చింది గానీ, కట్టే పనిని పెంటగాన్ వాళ్ళు డిజిటల్ సంగతులు బొత్తిగా తెలియని వేరే విభాగానికి అప్పజెప్పబోయేసరికి, వాళ్ళ చేతిలో పడితే పాడుచేసి, ఆ ఆలోచనే పనికిరాదని పేరు పడుతుందని బారన్ తనే ఆపించేశాడు. సొంత బిడ్డ లాంటి పనిని వద్దని తనే ఆపించడానికి ఎంత గుండె కావాలో నాకు తెలియదు.

ఆయన సంగతి ఏమాత్రం తెలియకుండా 1965లో లండన్ శివార్లలోని టెడింగ్టన్‌లో, నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో డోనాల్డ్ డేవీస్‌కి అదే ఆలోచన వచ్చింది. ఈయన బెంగ యుద్ధం కాదు, ఒకే కంప్యూటర్‌ని పదిమంది దూరాన్నుంచి వాడుకుంటుంటే ఫోన్ లైన్లు వృథా అవుతున్నాయన్నది. బారన్ దాన్ని మెసేజ్ బ్లాక్ అనేవాడు, డేవీస్ మాత్రం ఇతర భాషల్లోకి కూడా తేలిగ్గా వెళ్ళే మాట కావాలని వెతికి మరీ పేకెట్ అన్నాడు. మనమూ అదే అంటున్నాం, మా ఆఫీసులో రోజుకి వందసార్లు వినబడే మాట అది. 1966లో ఆయన దీని మీద ఉపన్యాసం ఇస్తే, బ్రిటన్ రక్షణ శాఖ నుంచి వచ్చిన ఒకాయన దగ్గరికొచ్చి అమెరికాలో బారన్ అని ఒకాయన ఇలాంటిదే రాశాడండీ అని చెప్పాడు. తర్వాత బారన్‌ని కలిసినప్పుడు డేవీస్ "మీరు ముందు చేరుకుని ఉండొచ్చు, పేరు మాత్రం నాది" అన్నాడట.

బారనా, డేవీసా? తేదీలు చూస్తే బారన్. సందేహం లేదు. కానీ ముందు చెప్పడం వేరు, చెప్పినదాన్నుంచి పని పుట్టడం వేరు. అమెరికా రక్షణ శాఖలో పరిశోధనలకి డబ్బిచ్చే ఆర్పా తరఫున ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ కట్టబోతున్న లారీ రాబర్ట్స్ 1967 అక్టోబరులో టెనెసీ రాష్ట్రం గాట్లిన్‌బర్గ్‌లో ఓ సదస్సుకి తన ప్లాను పట్టుకెళ్ళాడు. అక్కడికి డేవీస్ దగ్గర పనిచేసే రోజర్ స్కాంటిల్‌బరీ కూడా వచ్చాడు. పేకెట్ పద్ధతి వివరాలు, లైన్లు ఇంకా స్పీడుగా ఉండాలన్న సలహా, ఆఖరికి మీ దేశంలోనే బారన్ అని ఒకాయన ఉన్నాడన్న కబురు కూడా ఈ ఇంగ్లండ్ ఆయనే చెప్పాడు. తన దేశంలో పదకొండు సంపుటాలు పడి ఉంటే వాటి విలువ సముద్రం దాటి వచ్చినవాడు చెప్పాల్సొచ్చింది చూడండి. అందుకే నా తక్కెడలో ఆలోచన వరకు బారన్, ఆ ఆలోచనని పనిలోకి దింపిన వరకు డేవీస్. బిట్ పేపర్లో డేవీస్ పేరు లేకపోవడం నాకు కాస్త కడుపుమంటగానే ఉంది.

ఇక క్లైన్‌రాక్. ఈయన విషయంలో నేను కొంచెం కఠినంగా ఉంటాను. 1962 నాటి ఎంఐటీ పీహెచ్‌డీలో ఆయన చేసింది, సందేశాలు క్యూలో నిలబడితే ఎంత ఆలస్యం అవుతుందన్న లెక్కలు. మంచి లెక్కలు. ఆర్పానెట్ ఎలా నడుస్తోందో కొలవడానికి బాగా పనికొచ్చాయి. కానీ సందేశాన్ని ముక్కలుగా కోసి పంపడం కనిపెట్టింది కూడా ఆయనే అని తర్వాత్తర్వాత ప్రచారం మొదలైతే, డేవీస్ ఓ వ్యాసంలో పాత కాగితాలన్నీ తిరగేసి అది నిలవదని రాసిపెట్టాడు. ఆ వ్యాసం 2001లో అచ్చయింది, అప్పటికి డేవీస్ లేడు. చనిపోయినవాడు చదివిస్తున్న అభ్యంతర పత్రం లాంటిది అది. నాకు డేవీస్ మాటే నమ్మబుద్ధి అవుతుంది.

అయితే క్లైన్‌రాక్‌కి ఎవరూ కాదనలేని గడియ ఒకటి ఉంది. 1969 అక్టోబరు 29, రాత్రి పదిన్నర. లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్ఏ యూనివర్సిటీలో ఆయన ల్యాబ్. చార్లీ క్లైన్ అనే స్టూడెంటు కీబోర్డు ముందు కూర్చున్నాడు, అటు స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో బిల్ డువాల్. ఇద్దరి మధ్యా మామూలు ఫోన్ లైన్ కూడా తెరిచే ఉంది, ఎందుకంటే ఇది పనిచేస్తుందని ఎవరికీ నమ్మకం లేదు. లాగిన్ అని కొట్టాలి. 'ఎల్' కొట్టి, వచ్చిందా అని అడిగితే వచ్చిందన్నాడు. 'ఓ' కొట్టాడు, అదీ వచ్చింది. 'జీ' కొట్టగానే అటువైపు మెషీన్ చతికిలబడింది. ఆ మెషీన్‌కి 'జీ' చూడగానే మిగతా అక్షరాలు తనే పూర్తిచేసి ఒక్కసారిగా తిరిగి పంపే అలవాటు, ఒక్కో అక్షరానికే చోటు ఉంచుకున్న బఫర్ అన్ని అక్షరాలు పట్టక పొంగిపోయింది. ఓ గంట తర్వాత సరిచేసి పూర్తిగా లాగిన్ అయ్యారు. నెట్‌వర్క్ అప్పుడే పుట్టింది, పుట్టిన మొదటి నిమిషంలోనే డౌన్ అయింది. అర్ధరాత్రి కాల్‌లో కస్టమర్ అరుస్తున్నప్పుడు నాకు ఈ కథ చాలా ధైర్యం ఇస్తుంది.

ఆ నెట్‌వర్క్‌కి డబ్బు ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 1966లో పెంటగాన్‌లో, ఆర్పాలో కంప్యూటర్ల విభాగం చూసే బాబ్ టేలర్ గదిలో మూడు టెర్మినళ్ళు ఉండేవి, మూడు చోట్ల ఉన్న మూడు కంప్యూటర్లకి తలో ఒకటి, ఒక్కోదానికి ఒక్కో రకం ఆదేశాలు. ఒకదానితో మాట్లాడాలంటే ఇక్కడ్నుంచి లేచి అక్కడ కూర్చోవాలి. ఈ లేచి కూర్చునే గోల భరించలేక తన పై అధికారి చార్లెస్ హెర్జ్‌ఫెల్డ్ దగ్గరికెళ్ళి అడిగితే, ఇరవై నిమిషాల్లో పది లక్షల డాలర్లు, అవీ క్షిపణుల రక్షణ పద్దులోంచి తీసి ఇచ్చాడు. అత్త సొమ్ము అల్లుడి దానం అంటే ఇదే. అణుయుద్ధం తట్టుకోడానికే ఇంటర్నెట్ కట్టారని మనవాళ్ళు యూట్యూబ్‌లో చెబుతుంటారే, అది బారన్ కాగితాల గురించైతే నిజం, ఆర్పానెట్ గురించైతే కాదు. ఖరీదైన కంప్యూటర్లని దూరాన్నుంచి పంచుకోడానికి కట్టారు. కట్టింది బీబీఎన్ అనే కంపెనీ, 1969 చివరికి నాలుగు చోట్లు కలిశాయి.

ఇక్కడ నాకు ఒకటి తట్టింది. బారన్‌ని అడ్డుకుంది టెలిఫోన్ కంపెనీ. డేవీస్ దేశమంతా నెట్‌వర్క్ వేద్దామంటే ముందుకు రానిది బ్రిటన్ పోస్టాఫీసు, అక్కడ అప్పుడు టెలిఫోన్లు వాళ్ళవే. ఫ్రాన్స్‌లోనూ ఇదే కథ, ఇప్పుడు చెబుతాను. ఆర్పా వాళ్ళు మాత్రం ఎవరి పర్మిషనూ అడగలేదు, లైన్లు అద్దెకి తీసుకుని వాళ్ళ పని వాళ్ళు చేసుకున్నారు. తెలివి మూడు దేశాల్లోనూ ఉంది. ఫోన్ వాళ్ళ గుమ్మం ముందు నిలబడక్కర్లేని డబ్బు ఒక్కచోటే ఉంది.

ఫ్రాన్స్ సంగతి. లూయీ పూజాఁ అని ఒకాయన 1970ల మొదట్లో సిక్లాడ్ అనే నెట్‌వర్క్ కట్టాడు. లోపలి పేకెట్ వ్యవస్థ పేరు సిగాల్, అంటే కీచురాయి. మెషీన్లకి స్పీకర్లు తగిలించారు, పేకెట్ వెళ్ళినప్పుడల్లా కిచకిచమనేవి. ఆర్పానెట్‌లో పేకెట్లన్నీ వరసగా, పోకుండా చేర్చే బాధ్యత నెట్‌వర్క్‌దే. పూజాఁ దాన్ని తిరగేశాడు. నెట్‌వర్క్ చేతనైనంత మోస్తుంది, పోతే పోయింది, ఏది రాలేదో చూసుకుని మళ్ళీ అడిగే పని చివర్న ఉన్న కంప్యూటర్లది అన్నాడు. వినడానికి బాధ్యత లేనితనంలా ఉంటుంది గానీ, ఇవాళ ఇంటర్నెట్ నడిచేది అచ్చం ఇలాగే. తర్వాత ఆ దేశపు టెలికాం శాఖ తన సొంత పద్ధతే ముద్దు అనుకుంది, సిక్లాడ్‌కి డబ్బు ఆగిపోయింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, పాపం ఈయన ఇంట్లోనే ఓడిపోయి రచ్చలో గెలిచాడు.

ఆ రచ్చ ఏంటంటే, ఆయన ఆలోచనని అందుకున్న ఇద్దరు అమెరికా వాళ్ళు, సెర్ఫ్, బాబ్ కాన్. 1973 నాటికి అమెరికా వాళ్ళ దగ్గర తీగల మీద ఆర్పానెట్ నడుస్తోంది, రేడియో మీద ఒకటి, ఉపగ్రహం మీద ఒకటి తయారవుతున్నాయి, మొత్తం మూడు రకాల నెట్‌వర్కులు. పేకెట్ సైజులు వేరు, స్పీడ్లు వేరు, తప్పులు దొర్లే తీరు వేరు. ఏ నెట్‌వర్కునీ మార్చమనకుండా అన్నిటినీ కలపడం ఎలా? 1974 మేలో ఇద్దరూ కలిసి రాసిన పేపర్లో జవాబు ఇచ్చారు. మధ్యలో గేట్‌వేలు, అంటే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి పేకెట్లు దాటించే మెషీన్లు పెట్టండి, అన్ని చోట్లా ఒకే అడ్రసు పద్ధతి, పేకెట్లు నమ్మకంగా చేరాయో లేదో చూసే బాధ్యత చివరి కంప్యూటర్లది. పూజాఁకి, ఆయన మనుషులకి కృతజ్ఞతలు ఆ పేపర్లోనే ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన పూర్తి వివరాల పత్రంలో సెర్ఫ్ పక్కన సంతకాలు కార్ల్ సన్‌షైన్, యోగేన్ దలాల్‌వి. దలాల్ మన ఐఐటీ బాంబేలో చదివినవాడు. ఇంటర్నెట్ అన్న మాట ఇలా కురచగా అచ్చులో కనిపించిన తొలి పత్రాల్లో అదొకటి. గ్రూప్స్‌లో ఈ బిట్ ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

1977 నవంబరు 22న పరీక్ష చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర రోడ్డు మీద వెళ్తున్న ఓ వ్యాన్‌లోంచి రేడియోలో బయల్దేరిన పేకెట్లు ఆర్పానెట్ ఎక్కి, ఉపగ్రహం మీదుగా నార్వే, లండన్ చుట్టి, తిరిగి లాస్ ఏంజెలెస్‌ చేరాయి. నాలుగు వందల మైళ్ళ దూరానికి దాదాపు 94 వేల మైళ్ళ ప్రయాణం. ఏదీ పోలేదు. 1983 జనవరి 1న ఆర్పానెట్ పాత పద్ధతి కట్టేసి, సెర్ఫ్, కాన్‌ల పేపర్లోంచి పుట్టిన టీసీపీ/ఐపీ అనే పద్ధతికి మారింది, నేను ఇవాళ ఆఫీసులో కాన్ఫిగర్ చేసేది ఆ సంతానమే.

ఇంక తేల్చాలి. ఇది వందలమంది చేసింది, ఒక్కరికి పేరు ఇవ్వకూడదు అనేవాళ్ళు ఉంటారు. నిజమే గానీ అది తప్పించుకునే జవాబు. నేను వాడే కొలత వేరే. ఒక్కొక్కర్నీ తీసేసి చూడండి. బారన్‌ని తీసేస్తే డేవీస్ ఉన్నాడు. డేవీస్‌ని తీసేస్తే ఆర్పానెట్ కొంచెం నత్తనడకన, తక్కువ స్పీడు లైన్ల మీద అయినా వచ్చేది. క్లైన్‌రాక్‌ని తీసేస్తే మొదటి సందేశం ఇంకో ల్యాబ్ నుంచి వెళ్ళేది. బెర్నర్స్ లీని తీసేస్తే జనం రావడానికి ఇంకో పదేళ్ళు పట్టేదేమో గానీ ఇంటర్నెట్ ఉండేది. కాన్, సెర్ఫ్‌లని తీసేస్తే? ఏ దేశానికి ఆ దేశం, ఏ కంపెనీకి ఆ కంపెనీ నెట్‌వర్కులు బోలెడు ఉండేవి, ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవాలంటే ఎవడో ఒకడు అనువాదం చేసిపెట్టాలి, దానికో బిల్లు. నెట్‌వర్కులు ఉండేవి, ఇంటర్నెట్ ఉండేది కాదు. పేరులోనే ఉంది కదా, నెట్‌వర్కుల మధ్య అని. ఆ మధ్యది కట్టినవాళ్ళకే నా ఓటు. 2004 ట్యూరింగ్ అవార్డు వాళ్ళిద్దరికీ కలిపి ఇచ్చారు. 2013లో బ్రిటన్ వాళ్ళు తొలిసారి ఇచ్చిన క్వీన్ ఎలిజబెత్ ఇంజినీరింగ్ ప్రైజులో మాత్రం పూజాఁని, బెర్నర్స్ లీని, మార్క్ ఆండ్రీసన్‌ని కూడా కలిపారు. పూజాఁ పేరు చూసి నాకు సంతోషమైంది, ఆండ్రీసన్ ఎందుకో ఇప్పటికీ తెలియలేదు, ఆయన చేసిన మొజాయిక్ బ్రౌజర్ బాగానే ఉండేది గానీ.

నిజానికి నేను సెర్ఫ్ కంటే ముందు కాన్ పేరు చెబుతాను, రకరకాల నెట్‌వర్కులని కలపాలన్న సమస్యని పట్టుకుని సెర్ఫ్ దగ్గరికి వెళ్ళింది ఆయనే. కాన్ మితభాషి, సెర్ఫ్ సూటు, గడ్డంతో ఫొటోల్లో బాగుంటాడు. బిట్ బ్యాంకుల్లోకి ఎక్కింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

మేనకోడలి ఆప్షన్లలో కాన్ లేడు, డేవీస్ లేడు, పూజాఁ లేడు. ఉన్న నలుగురిలో సెర్ఫే కరెక్టు. అబ్జెక్షన్ ఫారంలో కారణం రాయడానికి రెండు లైన్లే చోటు ఇచ్చారు. "బెర్నర్స్ లీ చేసింది 1989 తర్వాతి వెబ్, సెర్ఫ్ టీసీపీ/ఐపీకి మూలం 1974 నాటిది" అని రాయించాను. మార్కు కలిపారు, కీ మాత్రం మార్చలేదు, రెండూ కరెక్టే అన్నారు.

నిన్న మళ్ళీ ఫోన్. ఈ వారం టెస్టులో అదే ప్రశ్న వచ్చిందట, కాకపోతే నాలుగో ఆప్షన్ "పైవారందరూ" అని పెట్టారట. "అది పెట్టేయనా మామయ్యా, మైనస్ ఉండదు కదా?" అంది. పైన ఎవరెవరున్నారే అంటే చదివింది: సెర్ఫ్, బెర్నర్స్ లీ, బిల్ గేట్స్.